కిటికీకి నల్ల ఫిల్మ్ వేస్తే ఇల్లు 10 డిగ్రీలు చల్లబడుతుందా?

ఎండలు ముదిరేసరికి ఒక సందేశం ఫోన్ల నుంచి ఫోన్లకు తిరగడం మొదలవుతుంది. కిటికీ అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటిస్తే గది 10 డిగ్రీలు చల్లబడుతుందని, ఫిల్మ్ ఎంత నల్లగా ఉంటే అంత మేలని, అది 99 శాతం అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది కాబట్టి వేడి లోపలికి రానే రాదని, ఏ అద్దానికైనా ఎవరికి వారే అంటించుకోవచ్చని, పైగా రాత్రింబవళ్లు బయటివారికి లోపలిదేదీ కనబడదని దాని సారాంశం. దానికి తోడు, దీపం ముందు అద్దం పెట్టి చూపే ఒక వీడియో కూడా ఉంటుంది. ఫిల్మ్ పనికిరాని వస్తువని నేను అనడం లేదు. ఎండ నేరుగా పడే కిటికీకి తగిన ఫిల్మ్ వేస్తే తేడా తప్పకుండా తెలుస్తుంది. అయితే ఆ సందేశంలోని మాటల్లో ఏ ఒక్కటీ చెప్పింది చెప్పినట్టుగా నిలబడదు.

ముందుగా నలుపు సంగతి. గాజు మీద పడిన ఎండలో కొంత వెనక్కి తిరిగిపోతుంది, కొంత లోపలికి దూసుకువస్తుంది, మిగిలింది గాజులోనే ఇంకి దాన్ని వేడెక్కిస్తుంది. రంగు అద్దిన నల్ల ఫిల్మ్ ఎండను తిప్పికొట్టేది తక్కువ, తనలో ఇంకించుకునేది ఎక్కువ. అలా వేడెక్కిన అద్దం ఆ వేడిని రెండు వైపులా వదులుతుంది. గాలి ఆడే బయటి వైపుకే ఎక్కువ భాగం పోయినా, సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గదిలోకే చేరుతుంది, గాలి స్తంభించిన రోజున ఆ వాటా ఇంకా పెరుగుతుంది. ఎండ మీద ఉన్న పడమటి కిటికీకి వేసిన నల్ల ఫిల్మ్ మీద సాయంత్రం నాలుగింటికి అరచేయి ఆనించి చూస్తే విషయం బోధపడుతుంది. ఆ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నవారికి, గది చీకటిగా ఉన్నా, చెంపకు సెగ తగులుతూనే ఉంటుంది. ఇందుకు భిన్నంగా, వెండి వంటి లోహాన్ని అతి పలుచని పొరలుగా పరచి తయారుచేసే కొన్ని ఫిల్ములు వెలుగును చాలావరకు రానిస్తూనే కంటికి కనబడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలను తిప్పికొడతాయి. చూడటానికి దాదాపు మామూలు గాజులాగే ఉండే ఈ రకాల్లో మేలైనవి, కటిక నలుపుగా కనిపించే చాలా ఫిల్ముల కంటే ఎక్కువ వేడిని ఆపుతాయి. ఫిల్మ్ రంగు చెప్పేది వెలుగు సంగతే గాని వేడి సంగతి కాదు.

99 శాతం అనే అంకె అబద్ధం కాదు, దాన్ని వేడికి అన్వయించడమే తప్పు. నేలకు చేరే సౌరశక్తిలో అతినీలలోహిత కిరణాల వాటా 5 శాతానికి మించదు. మిగిలినదంతా దృశ్యకాంతి, పరారుణ కిరణాలే. ఆ కొద్ది భాగాన్ని పూర్తిగా ఆపినా గది చల్లబడదు. కర్టెన్లు, సోఫా గుడ్డలు వెలిసిపోవడం మాత్రం నెమ్మదిస్తుంది, అది నిజమైన ప్రయోజనమే. నెమ్మదిస్తుంది అంటున్నాను, ఆగిపోతుంది అనడం లేదు. ఎందుకంటే రంగులు వెలవడంలో వెలుగుకూ వేడికీ కూడా పాలు ఉంది.

ఇక ఆ వీడియో. ఎర్రగా వెలిగే పరారుణ దీపం ఎదుట ఫిల్మ్ వేసిన గాజు ముక్కను నిలబెట్టి, దాని వెనుక చేయి పెట్టమంటారు. చేతికి వేడి తగలకపోయేసరికి చూసేవారు నమ్మేస్తారు. ఆ దీపం వెదజల్లే శక్తి దాదాపుగా పరారుణమే, ఎండలో మాత్రం పరారుణం సుమారు సగమే. దీపపు వేడిని దాదాపు పూర్తిగా ఆపిన ఫిల్మ్, ఎండలోని మిగతా సగాన్ని ఎంత లోపలికి వదులుతుందో ఆ ప్రదర్శన చెప్పదు. పైగా అది కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. అదే గాజును అక్కడే ఐదారు నిమిషాలు ఉంచితే, ఇంకించుకునే రకం ఫిల్మ్ అయినప్పుడు గాజే కాగి వెనుకనున్న చేతికి సెగ పంపడం మొదలుపెడుతుంది. పెట్టె మీద అచ్చువేసే పరారుణ శాతంలోనూ ఇలాంటి మెలికే ఉంటుంది. పరారుణ శ్రేణి మొత్తాన్ని లెక్కలోకి తీసుకోకుండా, ఫిల్మ్ బాగా పనిచేసే ఒక ఇరుకు పట్టీలో కొలిచి ఆ అంకె వేసే వీలుంది. కొనేవారు అడగవలసింది సోలార్ హీట్ గెయిన్ కోఎఫిషియెంట్, అంటే అద్దం మీద పడిన మొత్తం సౌరశక్తిలో చివరికి గదిలోకి చేరే వంతు. గాజు కాగి లోపలికి వదిలే వేడి కూడా ఇందులో కలిసే ఉంటుంది. 3 మిల్లీమీటర్ల మామూలు తెల్ల గాజుకు ఇది సుమారు 0.86.

10 డిగ్రీల మాటకు ఒక చిన్న లెక్క చూద్దాం. చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతున్న 1.5 చదరపు మీటర్ల పడమటి కిటికీ ఉందనుకుంటే, మామూలు గాజు గుండా సుమారు 774 వాట్లు లోపలికి వస్తాయి. ఆ వంతును 0.45కు దించే ఫిల్మ్ వేస్తే 405 వాట్లు వస్తాయి. దాదాపు 370 వాట్లు తగ్గడం చిన్న విషయం కాదు, ఏసీ మీద ఆ మేరకు భారం దిగుతుంది. కానీ ఆ లాభం ఎండ ఆ అద్దం మీద ఉన్నంతసేపే. బయట 40, లోపల 28 డిగ్రీలు ఉన్నప్పుడు కేవలం ఆ తేడా వల్లే అదే అద్దం గుండా మరో 100 వాట్లు వస్తాయి, దాన్ని సాధారణ ఫిల్మ్ దాదాపుగా ఏమీ చేయలేదు. పైకప్పు నుంచి, గోడల నుంచి దిగే వేడితో దానికి సంబంధమే లేదు. కిటికీ తెరిచి ఉంచితే సరే సరి. గది ఎంత చల్లబడుతుందన్నది వీటన్నిటి మీదా ఆధారపడుతుంది కనుక అందరి ఇళ్లకూ ఒకే అంకె చెప్పడం కుదరదు. మరి 10 డిగ్రీల తేడా చూపించే థర్మామీటర్ల మాటేమిటంటే, అవి చాలావరకు అద్దం వెనుక నేరుగా ఎండలో పెట్టినవి. అవి కొలిచేది తమ మీద పడే ఎండను గాని గదిలోని గాలిని కాదు.

ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి. ఎండను అద్దం చేరకముందే ఆపే బయటి సన్‌షేడ్, తడిక, గుడ్డ పందిరి వంటివి పెట్టే వీలుంటే వాటి తరువాతే ఫిల్మ్. ఎత్తైన అంతస్తుల్లో, బయట ఏదీ కట్టనివ్వని భవనాల్లో, తూర్పు పడమర కిటికీలకు మాత్రం ఫిల్మ్‌ను మించిన సులువైన మార్గం తక్కువ. రోజంతా నీడలో ఉండే కిటికీకి దాన్ని వేయడం వెలుగు పోగొట్టుకోవడమే.

గోప్యత విషయం ఒక్క ముక్కలో తేలిపోతుంది. అద్దంలా మెరిసే ఫిల్మ్ వెలుగు ఎక్కువగా ఉన్న వైపు నుంచి చూసేవారికే అడ్డు. రాత్రి గదిలో దీపం వేయగానే లోపలివారికి తమ ప్రతిబింబం, బయటివారికి గదంతా కనిపిస్తాయి.

ఏ అద్దానికైనా అంటించవచ్చన్న మాట అన్నిటికంటే నష్టం కలిగించేది. ఫిల్మ్ వేసిన గాజు ఎండకు మధ్యలో కాగి వ్యాకోచించాలని చూస్తుంది, ఫ్రేములో దాగిన అంచు చల్లగానే ఉండి సాగకుండా పట్టి ఉంచుతుంది. ఆ లాగుడంతా అంచు మీద పడి, గాజు కోసినప్పుడు మిగిలిన చిన్న నొక్కు దగ్గర బీట మొదలవుతుంది. అంచుకు లంబంగా బయలుదేరి తరువాత వంకరలు తిరిగే బీట దీనికి గుర్తు. ముందే రంగు వేసిన గాజు, లోపల తీగ వల ఉన్న గాజు, సగం ఎండలో సగం నీడలో ఉండే పెద్ద పలకలు ఈ ప్రమాదానికి ఎక్కువ లోనవుతాయి; కాచి గట్టిపరచిన టఫెన్డ్ గాజు చాలావరకు తట్టుకుంటుంది. రెండు పలకల మధ్య ఖాళీని మూసి తయారుచేసిన కిటికీలలో లోపలి పలకకు నల్ల ఫిల్మ్ వేస్తే వేడి బయటికి పోయే దారి లేక ఆ పలకే కాగుతుంది, అంచు సీలు కూడా దెబ్బతినవచ్చు. అటువంటి వాటికి బయటి వైపు అంటించే ఫిల్ములు వేరుగా ఉన్నాయి, అయితే ఎండావానలకు అవి లోపలి రకాల కంటే త్వరగా పాడవుతాయి.