నాడి పట్టి చూడకుండా గ్యాస్ అని తేల్చేయకండి

భీమవరం నుంచి అమలాపురం దాకా ఎవరికి గుండె దడదడలాడినా ముందు వచ్చే మాట "గ్యాసండీ". సోడా తాగి పడుకుంటారు. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే గుండె పైగదులు ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే పక్షవాతమే. ఆ ముప్పు మామూలు వాళ్లకంటే దాదాపు 5 రెట్లు.

బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పిన నాడిలో లెక్క తప్పుతుంది. ఒక దెబ్బ తొందరగా, ఒకటి ఆలస్యంగా, ఏ వరసా లేకుండా కొడుతుంటే దడ ఉండగానే ఈసీజీ తీయించండి. తగ్గాక తీస్తే మామూలుగానే రావచ్చు. ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే 108కి ఫోన్ చెయ్యండి.

నా బాధంతా సంక్రాంతి గురించే. మూడు రోజులు కోడిపందేల బరుల దగ్గర మందు, నిద్ర లేదు, మంచినీళ్లు లేవు, వేసుకోవాల్సిన మాత్రలు ఇంట్లోనే. ఒక్క పూట అతిగా తాగినా లయ తప్పొచ్చు, డాక్టర్లు దానికి హాలిడే హార్ట్ అని పేరే పెట్టారు. ఒకసారి దడ వచ్చినవాళ్లు "పండక్కే కదా" అనడం మానాలి, తాగుడు పూర్తిగా వదలాలి. రోజూ తాగే అలవాటుంటే డాక్టర్ని అడిగి మానండి, ఒక్కసారిగా ఆపితే అదీ ప్రమాదమే. కాఫీని మాత్రం ఊరికే తిట్టకండి, ఒకటి రెండు కప్పులు చాలామందికి ఏమీ చెయ్యవు.

90 కిలోల మనిషి 9 కిలోలు తగ్గి నిలబెట్టుకుంటే దడ రావడం బాగా తగ్గుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే దానికీ వైద్యం చేయించాలి. ఉప్పు రోజుకి ఒక చిన్న చెంచా, 5 గ్రాములు, ఆవకాయా ఎండుచేపా అందులోనే.

కోనసీమ కొబ్బరినీళ్లు మంచివే. కిడ్నీ జబ్బున్నవాళ్లకి, స్పైరనోలాక్టోన్ అనే ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవాళ్లకి మాత్రం పొటాషియం పెరిగి గుండె లయే చెడొచ్చు.

రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, ప్రతి వారం ఒకే తీరున తినండి. ఈ వారం రోజూ తోటకూర, వచ్చే వారం అసలు లేకుండా ఉంటే ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష లెక్క, ఊగిపోతుంది. కీళ్లవాత జ్వరం వల్ల గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైపోయి ఈ దడ ఉన్నవాళ్లు రక్తం పలచబరిచే కొత్త ఖరీదు మాత్రల కోసం పట్టుబట్టకండి. వాళ్లకి వార్ఫరినే మేలని 2022లో వచ్చిన పెద్ద పరీక్షలో తేలింది. రక్తం పలచబరిచే మందు ఏదైనా సరే, దడ తగ్గిందని సొంతంగా ఆపకండి. మోకాళ్ల నొప్పికి ఎవరైనా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఎత్తితే, సూది పడకముందే మీరు వాడే రక్తం పలచబరిచే మందు పేరు చెప్పండి. లేకపోతే కడుపులో రక్తం కారొచ్చు.