ఫార్ములా మిగిలింది, చెయ్యి పోయింది

2025 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఏంజెలెస్ నేషనల్ ఫారెస్ట్‌లో హైకింగ్‌కు వెళ్లిన ఒక ఏరోస్పేస్ మెటీరియల్స్ శాస్త్రవేత్త తిరిగి రాలేదు. రోజుల తరబడి గాలించినా ఆచూకీ దొరకలేదు. ఆ వార్త వరంగల్‌లో మన ఫోన్లదాకా వచ్చింది, ఒకే ప్రశ్నతో: ఆమెను ఎవరు ఎత్తుకెళ్లారు?

అనుమానం రావడం సహజమే. రాకెట్ ఇంజిన్లకు లోహం తయారుచేసిన మనిషి మాయమైతే దేశాల మధ్య పోటీ గుర్తుకొస్తుంది. కానీ కొండల్లో మనిషి తప్పిపోవడానికి శత్రువు అక్కర్లేదు, కాలు జారితే చాలు. ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తుంటే ఇలాంటి కథలు అల్లడం అన్యాయం. పైగా అలాంటి లోహాల్లో ఏది ఎంత కలపాలో పేటెంట్లలోనే రాసి ఉంటుంది. దానికోసం మనిషిని ఎత్తుకెళ్లాల్సిన పనేముంది?

పేటెంట్‌లో లేనిదే అసలు సంగతి. కొన్ని రకాల రాకెట్ ఇంజిన్లలో ఇంధనాన్ని తోసే పంపు దగ్గర ఆక్సిజన్ విపరీతమైన వేడితో, ఒత్తిడితో పరుగెత్తేచోట మామూలు ఉక్కు కరగడం కాదు, కట్టెలా అంటుకుంటుంది. అలా అంటుకోకుండా, బలమూ తగ్గకుండా ఉండే నికెల్ మిశ్రమలోహం సాధించడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఎన్ని కడ్డీలు పగిలాయో, ఎందుకు పగిలాయో చేసినవాళ్ల బుర్రలోనే ఉండిపోతుంది.

చేసేవాళ్లతోపాటే పనితనం పోయే దెబ్బ మనం ఇదివరకే తిన్నాం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మర్లు రెండు రకాల ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, రాత్రీ పగలూ కొలిమి ఊది ఉక్కు తీసేవారు. పదునుకు పేరుమోసిన డమాస్కస్ కత్తుల కోసం ఇరాన్ వర్తకులు అంతదూరం నుంచి వచ్చి కొనుక్కెళ్లేవారు. మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లిష్‌వాళ్ల నోట 'వూట్జ్' అయిందంటారు. ఇంగ్లిష్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అంతటివాడు 1819లో ఆ వూట్జ్‌ను పరీక్షించి, దాని గొప్పతనానికి అల్యూమినియం కారణమనుకుని పొరపడ్డాడు. ముక్క ఆయన చేతిలోనే ఉంది. ఆ ముక్క చేసిన చెయ్యి మాత్రం ఇక్కడ మన దేశంలో ఉంది! తర్వాత విలాయతి ఉక్కు చౌకగా దిగింది, మన కొలుములు ఆరిపోయాయి. కోనసముద్రం పని గురించి ఇంగ్లిష్ డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ రాసిన వివరం 1832లో అచ్చయింది, అదీ ఇంగ్లిష్‌లో. ఆ కమ్మరి మాటల్లో, తెలుగులో, ఒక్క పేజీ కూడా నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇప్పుడు ఇస్రో 2000 కిలోన్యూటన్ల బలంతో తోసే సెమీ క్రయోజెనిక్ ఇంజిన్, అంటే శుద్ధిచేసిన కిరోసిన్‌ను ద్రవ ఆక్సిజన్‌తో మండించే ఇంజిన్, చేస్తోంది. అందులోనూ ఆ వేడి ఆక్సిజన్ సమస్యే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ ఉంది, ప్రత్యేక లోహాలు చేయడానికి 1973లో పెట్టిన ప్రభుత్వ సంస్థ మిధాని ఉంది. వరంగల్ నిట్‌లో మెటలర్జీ చదివే పిల్లలున్నారు. రిటైరయ్యేవారి పక్కన చివరి రెండేళ్లు ఒక కుర్రాడిని కూర్చోబెట్టాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, తెలుగులోనే, వీడియో తీయాలి. దీనికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.

హన్మకొండలో మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఫర్నేస్ మీద ముప్పై ఏళ్లు పనిచేశారు. నీలి అద్దంలోంచి చూస్తే, కరుగు మీద తెట్టు కదిలే తీరును బట్టే పోత పోయాలా, ఆగాలా తెలిసేదట. రిటైరైన రోజు శాలువా కప్పి పంపించారు. తప్పిన పోతలన్నీ తేదీలతో సహా ఆయన మూడు నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. అవి ఇంకా ఆయన బీరువాలోనే, ఎవరూ అడగక, ఉన్నాయి.