‘అపలాచియన్ స్ప్రింగ్’: సూట్‌లో కోతపడిన భయం

అమెరికా పల్లెను సంగీతంలో చూపించమంటే చాలామంది స్వరకర్త ఆరన్ కోప్లాండ్ బ్యాలే ‘అపలాచియన్ స్ప్రింగ్’ పేరే చెబుతారు. కానీ కచేరీల్లో ఎక్కువగా వినిపించే ఆర్కెస్ట్రా సూట్‌లో (కచేరీ కోసం కుదించిన రూపంలో) అసలు బ్యాలేలోని దాదాపు పది నిమిషాలు లేవు. పోయింది మామూలు భాగమైతే సరేలే అనుకోవచ్చు. కథకు ప్రాణం అక్కడే ఉంది.

నృత్యకారిణి మార్తా గ్రాహం ఈ బ్యాలేను 1944 అక్టోబర్ 30న వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తొలిసారి ప్రదర్శించింది. అక్కడి హాలు చిన్నది. కోప్లాండ్ 13 వాద్యాలతోనే సరిపెట్టాడు: ఫ్లూట్, క్లారినెట్, బసూన్, పియానో, మిగతావి తీగ వాద్యాలు. జపాన్ మూలాలున్న శిల్పి ఇసాము నొగుచి వేసిన సెట్‌లో ఇంటికి గోడలే లేవు, ఉత్త చట్రం. ఓ కొత్త జంట, ఓ పెద్దావిడ, ఓ మతబోధకుడు, అతని వెంట నలుగురు అమ్మాయిలు. పాత్రలు ఇంతే.

షేకర్లు అనే క్రైస్తవ శాఖవారి పాట ‘సింపుల్ గిఫ్ట్స్’ క్లారినెట్ మీద హాయిగా మొదలవుతుంది. రకరకాలుగా మారుతూ సాగుతున్న ఆ పాట పూర్తి బ్యాలేలో మధ్యలో తెగిపోతుంది. బోధకుడు పాపం, శిక్ష అంటూ ఊగిపోతాడు. పెళ్లికూతురికి గుబులు పుడుతుంది. ఆ గండం గడిచాకే పాట మళ్లీ వస్తుంది. 1945 సూట్‌లో ఈ గండమే లేదు. పాట ఆగకుండా పెరిగి పెరిగి, ట్రంపెట్లు, ట్రాంబోన్లతో జెండా వందనంలా ముగుస్తుంది. వినడానికి బ్రహ్మాండంగానే ఉంటుంది, కాదనను.

కానీ ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అది రెండో ప్రపంచ యుద్ధకాలం. జపాన్ మూలాలున్నవాళ్లను అమెరికా క్యాంపుల్లో పెట్టింది. నొగుచి 1942లో తనంతట తానే అలాంటి క్యాంపుకు వెళ్లి కొన్ని నెలలు ఉన్నాడు. ఆ నలుగురు అమ్మాయిల్లో ఒకరైన యురికో క్యాంపు నుంచి బయటపడి గ్రాహం దగ్గరికి వచ్చింది. వలస వచ్చిన యూదుల కొడుకు కోప్లాండ్‌నైతే 1953లో కమ్యూనిస్టుల కోసం వేటాడుతున్న సెనేటర్ మెకార్థీ కమిటీ పిలిచి ప్రశ్నించింది. మూడేళ్లు తిరక్కుండానే అదే ప్రభుత్వం గ్రాహం బృందాన్ని ఆసియా పర్యటనకు పంపింది. మన దేశానికీ వచ్చారు. తీసుకొచ్చిన బ్యాలేల్లో ఇదీ ఉంది!

కొత్తగా వినేవాళ్లు సూట్ జోలికి పోకుండా 13 వాద్యాల పూర్తి రూపమే వెతుక్కోవడం మంచిది. తక్కువ వాద్యాలు కాబట్టి పియానో దెబ్బ పదునుగా తగులుతుంది. పెళ్లికూతురి గుబులుకు అదే సరైన శబ్దం.