ఎర్రర్‌లో డ్రైవర్ పేరుంటే గ్రాఫిక్స్ కార్డు పోయినట్టేనా?

గేమ్ మధ్యలో, వీడియో ఎడిటింగ్ మధ్యలో కంప్యూటర్ పదే పదే క్రాష్ అయ్యేవాళ్ల కోసమంటూ ఒక సలహా ఏళ్ల తరబడి చేతులు మారుతోంది. పంపేవాళ్లు మాటలు కాస్త మారుస్తారు గానీ సారం ఇదీ: "ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అనో, వీడియో మెమరీ చాలలేదనో ఎర్రర్ వస్తే గ్రాఫిక్స్ కార్డు పోయినట్టే. కొత్త డ్రైవర్ వేసి చూడండి. తగ్గకపోతే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే 60కి పెంచండి. ఫర్‌మార్క్ అనే పరీక్ష పది నిమిషాలు నడిస్తే కార్డులో లోపం లేదు. పవర్ సప్లై వాట్లు లెక్కకు సరిపోతే దాని జోలికి పోవద్దు. ఆఖరికి ఏదీ పనిచెయ్యకపోతే కార్డును ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర కాల్చండి."

అన్నీ పచ్చి అబద్ధాలైతే ఇబ్బంది లేకపోను, ఎవరూ నమ్మరు. సగం నిజాలు కాబట్టే డబ్బు వదిలిస్తున్నాయి.

మొదటి మాట ఎర్రర్‌లో కనబడే పేరు గురించి. విస్టా కాలం నుంచీ విండోస్ గ్రాఫిక్స్ చిప్ మీద ఒక కన్నేసి ఉంచుతుంది. ఇచ్చిన పనికి రెండు సెకన్లలో జవాబు రాకపోతే చిప్ ఇరుక్కుపోయిందని భావించి డ్రైవర్‌ను, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, రీసెట్ చేస్తుంది. ఈ ఏర్పాటునే టీడీఆర్ అంటారు. రీసెట్ ఫలిస్తే తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొస్తుంది, విండోస్ రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు పడుతుంది. ఫలించకపోతే స్టాప్ కోడ్ 116తో బ్లూ స్క్రీన్. పలకడానికే ఊపిరాడని ఆ ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అన్నది గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్‌విడియా డ్రైవర్ ఫైలు పేరు. విండోస్ ఎవరి జవాబు కోసం ఎదురుచూసిందో ఆ పేరు చెబుతుంది, అంతే. జవాబు ఎందుకు రాలేదో చెప్పదు. కార్డే చెడి ఉండొచ్చు. ర్యామ్ తప్పుడు డేటా అందించి ఉండొచ్చు, కరెంటు ఒక్క క్షణం తగ్గి ఉండొచ్చు, ప్రాసెసరే లెక్క తప్పి ఉండొచ్చు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అన్నిటికీ కార్డునే తిడుతున్నాం.

ప్రాసెసర్ లెక్క తప్పడం ఊహ కాదు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల కథ గుర్తుందా? బోలెడు వీడియో మెమరీ ఉన్న కార్డులవాళ్లకు కూడా కొన్ని గేములు మొదలుపెట్టగానే "వీడియో మెమరీ చాలలేదు" అని మూసుకుపోయేవి. బొమ్మకు వెలుగూ రంగూ దిద్దే చిన్న ప్రోగ్రాములైన షేడర్లను విప్పి సిద్ధం చేసేది ప్రాసెసర్. అది అక్కడ తప్పు చేస్తే, గేమ్ తనకు తెలిసిన భాషలో వీడియో మెమరీని నిందించేది. చివరికి 2024లో ఇంటెలే అసలు కారణం చెప్పింది: ప్రాసెసర్‌కు అవసరానికి మించి వోల్టేజ్ అందుతోందని. ఆగస్టులోనూ సెప్టెంబర్‌లోనూ ప్రాసెసర్ లోపలి కోడ్ అయిన మైక్రోకోడ్‌కు సవరణలు వచ్చాయి, వారంటీ రెండేళ్లు పెరిగింది. అప్పటికే పాడైన చిప్‌ను మాత్రం ఆ సవరణ బాగుచెయ్యలేదు. ఈలోగా కార్డులు మార్చుకున్నవాళ్ల సంగతి తలుచుకుంటే జాలేస్తుంది.

నాదీ అలాంటి తెలివే. రెండు వారాలు నా కార్డును అనుమానించి, స్నేహితుడి కార్డు అరువు తెచ్చి పెట్టాను. అదే గేమ్, అదే క్రాష్. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీని, విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెర బయోస్‌లో ఆపేసరికి మొత్తం నిమ్మళించింది. తర్వాత రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపితే రెండు స్టిక్కుల్లో ఒకటి ఎర్రర్లు చూపించింది. ముందు చెయ్యాల్సిన పైసా ఖర్చులేని పని ఆఖర్న చేశానన్నమాట.

కొత్త డ్రైవర్ సలహాలో కొంత సత్తా ఉంది. 2020 సెప్టెంబర్‌లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 కార్డు వచ్చిన కొత్తలో క్రాషులు మొదలైతే అందరూ కార్డులోని కెపాసిటర్లనే చిన్న భాగాలను నిందించారు. నెల తిరక్కుండానే వచ్చిన 456.55 డ్రైవర్‌తో చాలామందికి తగ్గిపోయాయి. కానీ 2010 మార్చిలో అదే ఎన్‌విడియా 196.75 డ్రైవర్‌ను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఫ్యాన్ వేగం సరిగా నడపక కార్డులు వేడెక్కుతున్నాయని. కాబట్టి క్రాషులు ఏ రోజు మొదలయ్యాయో చూడండి. అప్‌డేట్ తర్వాతే అయితే పాత డ్రైవరే మందు. ఏది వేసినా, నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డ్రైవర్లను తుడిచే డీడీయూ అనే టూల్‌తో పాతదాన్ని పూర్తిగా ఊడ్చి వెయ్యాలి. లేకపోతే విండోస్ తనకు నచ్చింది మళ్లీ పెట్టేస్తుంది.

టీడీఆర్ డిలే పెంచడమంటే రెండు సెకన్లు ఆగేవాణ్ని అరవై సెకన్లు ఆగమనడం. ఒకే లెక్క మీద చిప్ చాలాసేపు కూర్చునే పెయింటింగ్, రెండరింగ్ సాఫ్ట్‌వేర్లకు ఇది న్యాయమైన సవరణే. గేమ్‌లో సెకనుకు అరవై ఫ్రేములు గీయాల్సిన చిప్ రెండు సెకన్లు పలక్కపోతే అరవై సెకన్లకు మాత్రం ఏం పలుకుతుంది? బ్లూ స్క్రీన్ బదులు బిగుసుకుపోయిన తెర చూస్తూ కూర్చుంటారు.

ఫర్‌మార్క్ పాసైనా కార్డు మంచిదని చెప్పలేం. అది కార్డు మీద ఒకే తీరు బరువు వేసి పవర్ లిమిట్‌కు తాకిస్తుంది, దాంతో క్లాక్, అంటే చిప్ వేగం, తనంతట తానే దిగిపోతుంది. గేమ్‌లో బరువు క్షణక్షణం మారుతుంది, క్లాక్ పైకెక్కుతుంది, చాలా క్రాషులు అక్కడే. కోర్ క్లాక్‌ను 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ తగ్గించి అదే గేమ్ ఆడి చూడండి. ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసిన కార్డయితే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డీబగ్ మోడ్ ఆ పని చేసిపెడుతుంది. క్రాష్ ఆగిందా, అప్పుడు కార్డు మీద అనుమానానికి ఒక ఆధారం దొరికినట్టు.

పవర్ సప్లై దగ్గర వాట్ల లెక్క ఒక్కటే చాలదు. కార్డు కరెంటు వాడకం రెప్పపాటులో వందో వంతు సేపు కూడా ఉండని ఎగుడుదిగుళ్లతో నడుస్తుంది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, కొత్త సప్లైలు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు బరువును తట్టుకోవాలని అడుగుతోంది. పాతవి కొన్ని వాట్లు చాలినా భయపడి ఆగిపోతాయి. బ్లూ స్క్రీన్ లేకుండా స్విచ్ తీసేసినట్టు ఆరిపోతే ముందు చూపు ఇటే పోవాలి. ఒకే తీగకున్న రెండు తలలు కాకుండా, రెండు విడి తీగలు పెట్టండి. కొత్త 16 పిన్ల కనెక్టరైతే పూర్తిగా లోపలికి దిగిందో లేదో కంటితో చూడండి, 2022లో కరిగిపోయిన కనెక్టర్లు గుర్తుండే ఉంటాయి. అన్నట్టు, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 కనబడగానే సప్లై పోయిందనుకోకండి. కిందటిసారి మెషీన్ పద్ధతిగా ఆగలేదని మాత్రమే దాని అర్థం.

ఇక ఓవెన్. భాగాలను అతికే సీసం లేని సోల్డర్ కరగడానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి, 200 దగ్గర అది కరగనే కరగదు. మరి కొందరికి కార్డు ఎలా లేచింది? చిప్‌కూ దాని కింది పలకకూ మధ్య పగిలిన అతుకులు వేడికి కదిలి తాత్కాలికంగా తగులుకుంటాయి. వారాల్లో మళ్లీ విడిపోతాయి. ఈ చిట్కా పుట్టిన కాలంలో అలాంటి అతుకుల లోపం నిజంగానే ఉండేది. 2008 జులైలో ఎన్‌విడియా అందుకోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని ప్రకటించింది. ఇప్పటి కార్డును కాలిస్తే ప్లాస్టిక్కులు, కెపాసిటర్లు పాడవుతాయి, ఆ పొగంతా అన్నం వండుకునే ఓవెన్‌లో. బయోస్ తెర మీదే రంగుల గీతలు కనబడి, కేబుల్ మార్చినా పోకపోతే, ఇంకో మెషీన్‌లో పెట్టినా అవే వస్తే కార్డు పోయినట్టే. అప్పుడు వెతకాల్సింది వారంటీ బిల్లు.