మహారాజశ్రీ ప్రమోషన్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

విశాఖపట్నం, గాజువాక నుంచి ఒక సి-షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) మనిషి చేసుకునే విన్నపం. తమరు మా ఫ్యాక్టరీకి దయచేసినప్పుడల్లా స్వీట్లు పంచిస్తారు, మా దగ్గరున్న మంచి పనివాడినొకణ్ణి పట్టుకుపోతారు. బదులుగా ఒక ఆఫీసర్ని ఇచ్చి వెళ్తారు. ఆ బేరమే మాకు గిట్టుబాటు కావడం లేదు.

పోయినసారి తమరు పట్టుకుపోయింది మా ఫోర్‌మన్‌గారిని. నడుస్తున్న పంపు బేరింగ్ మీద స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "ఇది వారం ఆగదురా, స్పేర్ తెప్పించు" అనేవారు. ఆయనన్నట్టే అయ్యేది. అంత చెవి ఉన్నందుకు మేనేజర్ని చేశారు. ఇప్పుడు బ్రేక్‌డౌన్ వస్తే చాలు, మెట్లు దిగి వచ్చి కుర్రాడి చేతిలో స్పానర్ లాక్కుంటున్నారు. వాడు టార్చి పట్టుకుని నిలబడతాడు. వాడికి పని రాదు, పైన టేబుల్ మీద ఇండెంట్లు (సామాన్లు తెప్పించమనే కాగితాలు) కదలవు, షట్‌డౌన్ ప్లాన్ మొదలే కాదు. పాపం, ఆయన తప్పేముంది? వచ్చిన పనే చేస్తున్నారు.

1955లోనే రాబర్ట్ కట్జ్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడట. మేనేజర్‌కి మూడు కావాలి: పనితనం, మనుషులతో నెగ్గుకొచ్చే నేర్పు, సంస్థ మొత్తాన్నీ ఒక్కచూపులో చూడగలగడం. కింది మెట్టు మీద మొదటిది ఎక్కువ కావాలి. పైకెళ్లేకొద్దీ మూడోది. నడిమిది అన్ని మెట్ల మీదా తప్పదు. ఇవి పుట్టుకతోనే రానక్కర్లేదు, నేర్చుకోవచ్చు అని కూడా అన్నాడు. 2015లో మన ఊరికి ఐఐఎం సైతం వచ్చింది. తమరికే ఇంకా కబురందలేదు.

మా జీఎంగారినే చూడండి. బొగ్గు ధర, పోర్టులో ఆగిన సరుకు, రెండేళ్ల తర్వాతి ఆర్డర్లు చూడాల్సిన మనిషి, సీసీటీవీలో క్యాంటీన్ చూస్తారు, ఎవడు టీకి ఎంతసేపు కూర్చున్నాడో అని. ఒకప్పుడు హాజరు చూసే టైమ్ ఆఫీసులో చేశారు లెండి.

నడిమిదాని కోసం, అదే మనుషులతో నెగ్గుకొచ్చే నేర్పు కోసం, బీచ్‌రోడ్డు హోటల్లో ఒకరోజు ట్రైనింగ్ పెట్టించారు. భోజనం బావుందట, సర్టిఫికెట్ కూడా ఇచ్చారట. మర్నాడు, నాన్నని కేజీహెచ్ ఆసుపత్రిలో చేర్చాం, సెలవు కావాలని వెళ్లిన కుర్రాడికి "రాసిచ్చి పో, చూద్దాం" అన్న మాటే దక్కింది. తల ఎత్తి చూస్తే సర్టిఫికెట్ నలిగిపోతుందేమో.

పనితనం బావుంటే జీతం పెంచండి, గ్రేడు పెంచండి, మనిషిని మాత్రం మెషీన్ దగ్గరే ఉండనివ్వండి. కుర్చీలో కూర్చోబెట్టాలనుకున్నవాణ్ణి ఆరునెలల ముందే పాత మేనేజర్ పక్కన కూర్చోబెట్టండి.

ఈసారి సీనియారిటీ లిస్టులో నా పేరుందని తెలిసింది. వద్దంటానా? పాప ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. కాకపోతే ఓటీ (ఓవర్‌టైమ్) ఎవరికి ఎలా పంచాలో, ఇద్దరు కొట్టుకుంటే ముందెవర్ని పిలవాలో నాకు నేర్పేదెవరో ఆ ఆర్డర్ కాగితం వెనకాల రాసి పంపగలరు.

ఇట్లు,
సి-షిఫ్ట్, పంప్‌హౌస్