నవ్వని మొహమే నవ్విస్తుంది: కొత్త ‘నేకెడ్ గన్’ మీద తిరుగుతున్న మాటకు జవాబు

నల్లగొండలో నాతోపాటు డిగ్రీ చదివిన దోస్తుల ఫోన్లలో పది రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎవరు రాశారో తెలియదు గానీ నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: ‘‘లెస్లీ నీల్సన్ పోయాక నేకెడ్ గన్‌ను ముట్టుకోవడమే తప్పు. 31 ఏళ్ల తర్వాత డబ్బు కోసం తీసి ఆయన పరువు తీశారు. ఏడిపించే సినిమాలు, కొట్టుకునే సినిమాలు చేసే లియామ్ నీసన్‌కు కామెడీ ఏం తెలుసు? పాతది క్లీన్, కొత్తది రోత. జారిపడితే నవ్వే రోజులు పోయాయి. అయినా ఆ ఇంగ్లిష్ జోకులు మన నల్లగొండోళ్లకు ఎక్కవు.’’

‘నేకెడ్ గన్’ అనే ఈ హాలీవుడ్ కామెడీలు తెలియనివాళ్లకు రెండు ముక్కలు. తాను చాలా తెలివైనవాడిననుకుంటూ వెళ్లిన చోటల్లా కొంప ముంచే పోలీసాఫీసర్ ఫ్రాంక్ డ్రెబిన్. ఆ వేషం నీల్సన్‌ది. 1988, 1991, 1994లో మూడు సినిమాలు వచ్చాయి. 2025 ఆగస్టులో వచ్చిన కొత్తదాంట్లో హీరో ఆ డ్రెబిన్ కొడుకు. ఆ కొడుకే లియామ్ నీసన్. డైరెక్టర్ అకీవా షాఫర్.

నేను పాత సినిమాలను మెసేజ్ రాసినవాళ్లకంటే తక్కువేమీ ప్రేమించలేదు. ఎన్జీ కాలేజీలో చదివే రోజుల్లో రోజుకు పది రూపాయల కిరాయికి సీడీ తెచ్చుకుని చూసేవాళ్లం. పేరులో ‘నేకెడ్’ ఉందని షాపతను దాన్ని కౌంటర్ కింద పెట్టేవాడు. అడిగి తీసుకోవడానికి మావాళ్లు సిగ్గుపడేవాళ్లు. అట్లా సంపాదించుకున్న నవ్వు కాబట్టే ఈ మెసేజ్‌ను ఊరికే వదలలేకపోతున్నాను.

అన్నిటికంటే పెద్ద తప్పు ‘సీరియస్ యాక్టర్‌కు కామెడీ ఏం తెలుసు’ అన్న మాట. అసలు నీల్సన్ ఎవరు? 1956లో ‘ఫర్బిడెన్ ప్లానెట్’లో అంతరిక్ష నౌక కమాండర్. 1972లో ‘ది పోసైడన్ అడ్వెంచర్’లో మునిగిపోయే ఓడకు కెప్టెన్. దాదాపు ముప్పై ఏళ్లు ఆయన చేసినవి చాలావరకు ఇట్లాంటి గంభీరమైన వేషాలే. 1980లో ‘ఎయిర్‌ప్లేన్!’ అనే కామెడీ వచ్చేనాటికి ఆయన వయసు 54. ఆ సినిమా తీసిన (తర్వాత నేకెడ్ గన్ కూడా వీళ్లదే) జుకర్ అన్నదమ్ములు, జిమ్ అబ్రహామ్స్ కావాలనే కమెడియన్లను పక్కన పెట్టి రాబర్ట్ స్టాక్, లాయిడ్ బ్రిడ్జెస్, పీటర్ గ్రేవ్స్, నీల్సన్ లాంటి బిగుసుకున్న మొహాలను ఏరి తెచ్చుకున్నారు. కథ కూడా 1957 నాటి ఒక సీరియస్ విమానం సినిమాది. హక్కులు కొనుక్కుని, అందులోని డైలాగులు చాలా వరకు అట్లాగే వాడుకున్నారు. ప్రాణాలు పోతున్నాయన్నంత టెన్షన్‌తో పిచ్చి మాట మాట్లాడితే అది పదింతలు పేలుతుందని వాళ్లు పట్టుకున్నారు. ఈ సినిమాలకు పునాది అదే. నటుడు నవ్వకూడదు, జోకు వేస్తున్నట్టు కనబడకూడదు.

ఆ లెక్కన 1993లో ‘షిండ్లర్స్ లిస్ట్’, 2008లో ‘టేకెన్’ చేసిన నీసన్‌ను తేవడం పాత పద్ధతిని తూచా తప్పకుండా పాటించడమే. ఒక పేరున్న కమెడియన్‌ను తెచ్చి నీల్సన్‌ను అనుకరించమని ఉంటే అప్పుడు నేనూ మీతోపాటు కోప్పడేవాణ్ణి. పైగా నీసన్‌కు ఇది కొత్తేమీ కాదు. 2014లో ‘ది లెగో మూవీ’లో మంచి పోలీసు, చెడ్డ పోలీసు ఒకడే అయిన పాత్రకు గొంతిచ్చింది ఆయనే.

మనకు ఇంగ్లిష్ సినిమాల దాకా కూడా పోనక్కర్లేదు. 2025 జూలైలో కోట శ్రీనివాసరావు గారు పోయినప్పుడు ఇవే ఫోన్లలో ఎన్ని క్లిప్పులు తిరిగాయి! 1985లో ‘ప్రతిఘటన’ చూసి భయపడిన జనమే, 1987లో ‘అహ నా పెళ్ళంట’లో కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే పిసినారిని చూసి కుర్చీల్లోంచి పడ్డారు. ఆయన ఆ అన్నం ఎట్లా తింటాడో మళ్లీ ఒకసారి చూడండి. నిజంగా కోడికూర తింటున్న మనిషి మొహం అది. అందులో వెతికినా హాస్యం దొరకదు. కోట గారిని మెచ్చుకున్న చేతులతోనే ‘విలన్లకు కామెడీ రాదు’ అని ఎట్లా టైప్ చేస్తాం?

ఇక పరువు సంగతి. పోయిన నటుడి పరువు తీయడమంటే ఏమిటో చూడాలంటే పింక్ పాంథర్ సినిమాల దగ్గరికి వెళ్లాలి. వాటి హీరో పీటర్ సెల్లర్స్ 1980లో పోయాడు. పాత సినిమాల్లో వాడకుండా మిగిలిన ముక్కలు అతికించి 1982లో ఆయన ‘కొత్త’ సినిమా అంటూ వదిలారు. ఆయన భార్య కోర్టుకెక్కి కేసు గెలిచింది. కొత్త నేకెడ్ గన్‌లో అట్లాంటి పని జరగలేదు. నీల్సన్‌ను కంప్యూటర్‌తో లేపి మాట్లాడించలేదు. గోడ మీద ఒక ఫొటో పెట్టారు, అంతే. కొడుకు ఆ ఫొటో ముందు మోకాళ్ల మీద కూర్చుని, అచ్చం నీలాగే ఉండాలని ఉంది, కానీ పూర్తిగా కొత్తగా కూడా ఉండాలని ఉంది అని కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఇట్లాంటి సీక్వెల్ తీసేవాళ్లందరి బాధ అదే కాబట్టి నవ్వొస్తుంది. కెమెరా పక్కకు జరిగితే మిగతా ఆఫీసర్లు కూడా ఎవరి నాయిన ఫొటో ముందు వాళ్లు ఏడుస్తుంటారు. చివరన నార్డ్‌బర్గ్ కొడుకు ఉంటాడు. పాత మూడింటిలోనూ నార్డ్‌బర్గ్‌గా చేసింది ఓజే సింప్సన్. మూడో సినిమా వచ్చిన ఏడాదే ఆయన హత్య కేసులో అరెస్టయ్యాడు, 1995లో కోర్టు నిర్దోషి అంది. ఆ కొడుకు ఫొటో వైపు చూసి, మనవైపు తిరిగి అడ్డంగా తలూపుతాడు. పాత సినిమాలను దాచకుండా, దేవుణ్ణి చేయకుండా ఇంత చిన్న సైగలో లెక్క తేల్చినవాళ్లకు గౌరవం లేదనడం అన్యాయం.

పాతవాళ్లలో డేవిడ్ జుకర్‌కు ఈ కొత్త ప్రయత్నం నచ్చలేదన్నది నిజం. ఆయనే ఆ మాట చెప్పాడు. మొదటి రెండు సినిమాల డైరెక్టర్‌కు ఆ బాధ ఉండటం సహజం, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆయనకు నచ్చకపోవడం వేరు, సినిమా బాగాలేకపోవడం వేరు.

డబ్బు కోసం తీశారట. 1991లోనూ, 1994లోనూ అందుకే తీశారు. కొత్తదానికి సుమారు 4.2 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి 10 కోట్ల పైన వచ్చాయి. థియేటర్ల వాటా తీసేస్తే అదేమీ కొల్లగొట్టడం కాదు. ఇంకో సంగతి. ‘ఆ రోజుల్లో అందరూ నెత్తిన పెట్టుకున్నారు’ అని మెసేజ్‌లో రాయలేదు గానీ దాని స్వరం అదే. ఫ్రాంక్ డ్రెబిన్ మొదట కనబడింది 1982లో టీవీలో, ‘పోలీస్ స్క్వాడ్!’లో. ఆరంటే ఆరు ఎపిసోడ్లకే దాన్ని ఆపేశారు. ఆరేళ్లు ఆగి సినిమాగా తీస్తేనే జనం పట్టుకున్నారు.

పాతది క్లీన్ అనేవాళ్లు 1988 సినిమా మళ్లీ చూశారా? ప్రెస్‌మీట్ మధ్యలో డ్రెబిన్ కాలర్‌కు మైక్ తీయకుండానే బాత్రూంకు వెళ్తాడు, ఆ చప్పుళ్లన్నీ హాల్లో వినబడతాయి. కొత్తదాంట్లో ఒంటికి పెట్టుకున్న పోలీసు కెమెరాలో కొడుకు కడుపు కష్టాలు రికార్డవుతాయి. అది నాకూ సాగదీసినట్టే అనిపించింది. మైక్ సీన్ అంత పదును లేదు. విలన్ కథ కూడా పలచగానే ఉంది. కానీ తండ్రి పని రోత కాకుంటే కొడుకు పని ఒక్కటే ఎట్లా రోత అవుతుంది?

జారిపడితే నవ్వే రోజులు పోయాయన్న మాటకు నా దగ్గర మా ఇంటి హాలే సాక్ష్యం. మా నాయినకు డెబ్బై మూడు. మునుగోడు దిక్కు ఊళ్లో చిందు భాగోతంలో నవ్వించే బుడ్డర్‌ఖాన్ వేషం కోసం తెల్లారేదాకా మేలుకున్న మనిషి. ఇంగ్లిష్ రాదు. బ్యాంకు దోపిడీ సీన్ మొదలైనప్పుడు సోఫాలో పక్కకు ఒరిగి, సగం నిద్రలో ఉన్నాడు. లాలీపాప్ పట్టుకుని గళ్ల గౌను వేసుకున్న చిన్నపిల్ల దొంగల మధ్యలోకి నడిచొస్తుంది. మొహం మీది మాస్కు లాగేస్తే లోపల ఆరడుగుల పైనున్న నీసన్. అదే పొట్టి గౌనుతో దొంగలందర్నీ విరగ్గొడతాడు, మొహం మాత్రం ‘టేకెన్’లో ఉన్నట్టే ఉంటుంది. నాయిన లేచి కూర్చున్నాడు. ‘‘అరేయ్, ఆ గౌను ఇంక ఇప్పడా వీడు?’’ అని కండ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. పక్కన తొమ్మిదో తరగతి చదివే మా అక్క బిడ్డ అప్పటికే కింద చాప మీద దొర్లుతోంది. ‘‘మామా, మళ్లా పెట్టు’’ అని మూడుసార్లు వెనక్కి తిప్పించింది.

ఇంగ్లిష్ జోకులు ఎక్కవన్నదాంట్లో సగం నిజముంది. ఆ సగం గురించి సరిగ్గా మాట్లాడుకోవాలి. కొన్ని జోకులు ఆ భాషలోనే పుట్టి అక్కడే పోతాయి. ‘యూసీఎల్‌ఏనా?’ అని డ్రెబిన్ యూనివర్సిటీ పేరు అడిగితే, హీరోయిన్ పమేలా ఆండర్సన్ దాన్ని ‘యూ సీ ఎల్‌ఏ?’, అంటే ‘లాస్ ఏంజెలెస్ చూస్తుంటావా’ అని విని, ‘రోజూ చూస్తాను, ఉండేది ఇక్కడే కదా’ అంటుంది. దీన్ని తెలుగులో చెప్పబోయి నేను వదిలేశాను. నాయిన నా మొహం చూస్తూ ఊరుకున్నాడు. కానీ అదే డ్రెబిన్ ఆమెను ‘కుర్చీ తీసుకోండి’ అంటే ఆమె, ‘వద్దండి, మా ఇంట్లో బోలెడున్నాయి’ అంటుంది. ఇది చెప్పగానే నాయిన పగలబడి నవ్వాడు. మర్నాడు పొద్దున పాలాయన లోపలికి వస్తే ఆయనకు కుర్చీ చూపించి ఇదే జోకు వేశాడు. ఇక ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు డ్రెబిన్ చేతిలో కాఫీ కప్పు పెడుతూనే ఉండటానికి ఏ భాష కావాలి? ప్రేమ పాట మధ్యలో మంచు బొమ్మకు ప్రాణమొచ్చి, ఆ జంట మధ్యలో దూరి, కడకు దయ్యం సినిమాగా మారడానికి సబ్‌టైటిల్ ఎందుకు? ‘మనోళ్లకు ఎక్కవు’ అని తీర్పు చెప్పే ముందు మనోళ్లను ఒకసారి కూర్చోబెట్టి చూపిస్తే పోయేది.

మెసేజ్ పంపిన నలుగురినీ వచ్చే ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. 1988ది 85 నిమిషాలు, కొత్తదీ 85 నిమిషాలే. రెండూ కలిపి మూడు గంటలు కూడా కాదు. ముందు పాతది పెడతాను. నాయిన అది చూడలేదు, ఆయన కోసమైనా పెట్టాలి.