మూడు రోజుల్లో అచ్చయ్యే పేపర్: ఒక సందేశానికి ఖండన

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పరిశోధక విద్యార్థుల, డిగ్రీ కళాశాల అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పీర్ రివ్యూ (వ్యాసాన్ని అచ్చుకు ముందు అదే రంగపు నిపుణులు పరిశీలించడం) పెద్దవాళ్లు ఆడే నాటకం, మన యూనివర్సిటీల పేర్లు చూస్తే ఎవరూ తీసుకోరు, ఏ జర్నలైనా (పరిశోధన పత్రికైనా) డబ్బు గుంజేదే, జర్నల్‌కు ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ సంఖ్య, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె), యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తింపు ఉంటే అన్నీ సమానమే, అందుచేత నాలుగు చోట్లకు ఒకేసారి పంపండి, లేదంటే మాకు రుసుము కట్టి మూడు రోజుల్లో వేయించుకోండి, పేపర్ (అచ్చయిన పరిశోధన వ్యాసం) లేనిదే పీహెచ్‌డీ రాదు. ఇది అమ్మకందారు ప్రకటన అని చదవగానే తెలుస్తుంది. అయినా చాలామంది దీన్ని అనుభవజ్ఞుల సలహాలాగా పదిమందికి పంపుతున్నారు కనుక, ఇందులోని మాటలను విడివిడిగా పరిశీలించవలసి వస్తోంది.

ముందుగా "నాటకం" అన్న మాట. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఒక విద్యార్థి నీటిని సేకరించి, పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్లగొండ పద్ధతి ఎంతవరకు పనిచేస్తోందో కొలిచి వ్యాసం రాశాడనుకుందాం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఈ పద్ధతిలో శుద్ధి అయిన నీటిలో కొంత అల్యూమినియం మిగులుతుంది. ఆ అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది, ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ మాత్రం విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే లెక్కిస్తుంది. కనుక సమీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న, కొలిచే ముందు నమూనాలో టిసాబ్ బఫర్ (అల్యూమినియం పట్టు నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం) కలిపారా అన్నది. కలపకపోతే నీటిలో ఉన్నదానికంటే తక్కువ అంకె వస్తుంది, శుద్ధి నిజానికి జరిగినదానికంటే బాగా జరిగినట్టు కనిపిస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి, అదీ వేరే నీటి వనరు లేనప్పుడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, 1.8 ఉన్న నీరు కాగితం మీద 1.3గా నమోదైతే ఆ ఊరు సురక్షితమైన ఊళ్ల జాబితాలో చేరిపోతుంది. నమూనాలు వానకాలానికి ముందు తీశారా, తర్వాత తీశారా, ధనాత్మక అయాన్ల మొత్తానికీ రుణాత్మక అయాన్ల మొత్తానికీ తేడా ఐదు, పది శాతం మించిందా (మించితే కొలతల్లో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే) అన్న ప్రశ్నలూ వెంటే వస్తాయి. వీటికి జవాబు చెప్పాలంటే విద్యార్థి మళ్లీ ప్రయోగశాలకు వెళ్లాలి, ఒక్కోసారి మళ్లీ ఆ ఊరికే వెళ్లాలి. మూడు రోజుల్లో అచ్చు వేసేవాడు అమ్ముతున్నది ఈ ప్రశ్నలు ఎదురుకాని సౌకర్యాన్నే.

ఆలస్యం గురించిన ఫిర్యాదులో మాత్రం న్యాయం ఉంది. ఎడిటర్ ముందు వ్యాసం తమ జర్నల్ పరిధిలోకి వస్తుందా, ఎక్కడి నుంచైనా ఎత్తిరాశారా అని చూసుకుని, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు నిపుణులను అడుగుతాడు. వాళ్లలో చాలామంది తీరిక లేదంటారు, ఒప్పుకున్నవాళ్లూ సాధారణంగా ప్రతిఫలం లేకుండా తమ పాఠాల మధ్య చదవాలి. నెలలు గడిచినా కబురు లేకపోతే మర్యాదగా ఎడిటర్‌కు ఉత్తరం రాసి అడగవచ్చు, రాతపూర్వకంగా వ్యాసాన్ని వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఇక సమీక్ష జరగని చోట ఏమవుతుందో 'సైన్స్' అనే పత్రిక తరఫున విలేకరి జాన్ బొహానన్ 2013లో చూపించాడు. లోపాలు కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడే ఒక బూటకపు క్యాన్సర్ వ్యాసాన్ని ఆయన 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లకు పంపితే 157 ఆమోదించాయి, 98 తిరస్కరించాయి. ఆ జర్నళ్లలో సుమారు మూడోవంతు మన దేశానివే. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసగించిందని తేల్చి, 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

"మన పేర్లు చూస్తే తీసుకోరు" అన్నది పూర్తిగా కొట్టిపారేయదగిన మాట కాదు. 1982లో పీటర్స్, సెసీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, అప్పటికే అచ్చయిన 12 వ్యాసాలకు ఊరూ పేరూ లేని రచయితలనూ సంస్థలనూ తగిలించి, వాటిని అచ్చువేసిన జర్నళ్లకే తిరిగి పంపారు. మూడింటిని గుర్తుపట్టారు, మిగిలిన తొమ్మిదిలో ఎనిమిదింటిని తిప్పికొట్టారు. పేరు చూసే జబ్బు ఉందన్నమాటే. దానికి విరుగుడుగా రచయిత పేరు సమీక్షకుడికీ, సమీక్షకుడి పేరు రచయితకూ తెలియని పద్ధతి పాటించే జర్నళ్లున్నాయి, అలాంటివి ఎంచుకోవచ్చు. పెద్ద పేరుంటే చాలు అన్నది మాత్రం నిజం కాదు. గురుత్వ తరంగాలు లేవంటూ 1936లో ఐన్‌స్టీన్, రోసెన్‌తో కలిసి రాసిన వ్యాసాన్ని ఫిజికల్ రివ్యూ సంపాదకుడు సమీక్షకు పంపి, వచ్చిన విమర్శతో సహా తిప్పి పంపాడు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చి వ్యాసం వెనక్కి తీసుకున్నాడు, కానీ తప్పు బయటపడ్డాక ముగింపు మార్చుకుని 1937లో వేరే పత్రికలో అచ్చు వేయించాడు. తప్పు పట్టింది రాబర్ట్‌సన్ అనే సమీక్షకుడు.

డబ్బు మాట తేలికగా తేలిపోతుంది. చందాల మీద నడిచే జర్నళ్లు చాలావరకు రచయిత దగ్గర ఏమీ తీసుకోవు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వెలువరించే 'ప్రమాణ' అనే భౌతికశాస్త్ర జర్నల్ ఇందుకు ఉదాహరణ. ఓపెన్ యాక్సెస్ రుసుములు భారమే, 'నేచర్' పత్రిక 2020 చివర్లో ప్రకటించిన 9,500 యూరోలు మన స్కాలర్ ఫెలోషిప్‌కు అందే మాట కాదు. అయినా పద్ధతిగా నడిచే చోట ఆ రుసుము ఆమోదం తర్వాతి సంగతి. మొదటి మెయిల్‌లోనే బ్యాంకు ఖాతా నంబరు పంపే జర్నల్‌కు మీ వ్యాసంతో పనిలేదు.

ఐఎస్ఎస్ఎన్ ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య మాత్రమే. నంబరు ప్లేటు చూసి డ్రైవరుకు లైసెన్సు ఉందని ఎలా చెప్పలేమో, ఇదీ అంతే. అసలైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను లెక్కించేది క్లారివేట్ సంస్థ. దాన్ని పోలిన పేర్లతో అంకెలు అమ్మేవాళ్లు వేరే ఉన్నారు. యూజీసీ 2017లో పెట్టిన ఆమోదిత జర్నళ్ల జాబితా నుంచి 2018 మే నెలలో 4,305 జర్నళ్లను తొలగించింది, 2019లో దాని స్థానంలో కేర్ అనే కొత్త జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసినట్టు ప్రకటించింది. ఇవాళ అట్ట మీద "యూజీసీ ఆమోదిత" అని వేసుకునేవాళ్లు లేని జాబితాను చూపిస్తున్నారు.

నాలుగు చోట్లకు ఒకేసారి పంపమనే సలహా అన్నిటికంటే ప్రమాదకరం. ఈ వ్యాసం మరెక్కడా పరిశీలనలో లేదని పంపేటప్పుడే హామీ ఇస్తాం. భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ వంటి విషయం మీద పనిచేసే నిపుణులు పరిమితం. ఒకే వ్యాసం రెండు జర్నళ్ల నుంచి ఒకే మనిషి దగ్గరికి చేరితే రెండు చోట్లా తలుపులు మూసుకుంటాయి. డబ్బు కట్టి వేయించుకున్నాక మనసు మారినా దారి లేదు: ఒకచోట అచ్చయిన ఫలితాలను మంచి జర్నల్ తీసుకోదు, వెనక్కి తీసుకుంటామంటే ఇలాంటివాళ్లు దానికీ వేరే రుసుము అడుగుతారు.

మిగిలింది పీహెచ్‌డీ భయం. థీసిస్ ఇచ్చే ముందు ఒక పేపర్ అచ్చయి ఉండాలన్న నియమం యూజీసీ 2016 నిబంధనల్లో ఉండేది, 2022 నవంబరు నిబంధనల్లో దాన్ని ఎత్తేశారు. విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమం పెట్టుకునే వీలుంది కాబట్టి, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో పాలమూరు విశ్వవిద్యాలయంలోనో చేరినవాళ్లు తాము ప్రవేశం పొందిన ఏటి నిబంధనల ప్రతిని పరిశోధన విభాగం నుంచి తెచ్చుకుని, గైడ్‌తో కూర్చుని చదివి, ఆ తర్వాతే జర్నల్ సంగతి తేల్చుకోవాలి.